ఇషాన్ సత్తువాచారిలో పుట్టి ఉంటే

2007 డిసెంబరు 21న విడుదలైన ‘తారే జమీన్ పర్’ కథ క్లుప్తంగా ఇది. ముంబైలో ఇషాన్ అవస్థీ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడు మూడో తరగతి రెండోసారి చదువుతుంటాడు. పాఠం చదవమంటే అక్షరాలు నాట్యం చేస్తున్నాయంటాడు. విసిగిపోయిన తండ్రి అతణ్ని బోర్డింగు స్కూల్లో వేస్తాడు. అక్కడికి తాత్కాలికంగా డ్రాయింగు మాస్టారుగా వచ్చిన రామ్ శంకర్ నికుంభ్, ఆ పిల్లవాడి నోటుబుక్కుల్లో ఒకే తీరు తప్పులు మళ్లీ మళ్లీ రావడం గమనిస్తాడు. అది సోమరితనం కాదు, డిస్లెక్సియా అని పోల్చుకుంటాడు. చిన్నప్పుడు తానూ ఆ బాధ పడ్డవాడే. ప్రిన్సిపాలును ఒప్పించి పిల్లవాడికి చదవడం, రాయడం నేర్పుతాడు. చివర బడి అంతా పాల్గొన్న బొమ్మల పోటీలో ఇషాన్ గురువునే ఓడిస్తాడు. అతని బొమ్మ బడి వార్షిక సంచికకు ముఖచిత్రమవుతుంది.

అమోల్ గుప్తే రాసి, ఆమిర్ ఖాన్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం చేసిన మేలు చిన్నది కాదు. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో అభ్యసన లోపాలకు చోటే లేదు. 2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచినప్పుడే డిస్లెక్సియాకు చట్టంలో చోటు దొరికింది. ఈ మధ్యకాలంలో మామూలు తల్లిదండ్రుల నోటికి ఆ మాట అలవాటైందంటే అందులో సినిమా వాటా పెద్దది. అయినా ఆ కథను అలాగే తెచ్చి ఇంకో ఊళ్లో నిలబెట్టాలంటే కొన్ని ఊతకర్రలు తీసేయక తప్పదు.

మొదటిది ప్రతిభ. ఈ కథకు తొలి ఆలోచన గుప్తే భార్య, చిత్రానికి కూర్పు చేసిన దీపా భాటియాది. జపాన్ దర్శకుడు అకిరా కురొసావా చిన్నప్పుడు బడిలో వెనకబడ్డాడన్న సంగతి ఆమెను ఆకట్టుకుంది. అంటే బీజంలోనే ఒక కాబోయే మహానుభావుడున్నాడు. తెర మీద నికుంభ్ కూడా ఐన్‌స్టీన్, లియొనార్డో డావిన్చీల పేర్లు చెప్పి పిల్లలకు ధైర్యం నూరిపోస్తాడు. ఎప్పుడో పోయిన మనుషులకు ఈనాడు డిస్లెక్సియా ఉందని తేల్చడం ఎవరి తరమూ కాదు. అంతకంటే ముఖ్యం, చదవలేని పిల్లలు ఎవరైనా బొమ్మలూ పాటలూ రాకుండానే గౌరవానికి అర్హులు. బహుమతి తెచ్చాకే తండ్రి కళ్లు తెరుచుకుంటే, బహుమతి తేలేని పిల్లల సంగతి ఏమిటన్న ప్రశ్నకు ఆ కథలో జవాబు లేదు.

రెండోది కాలం. ఇసుకలో వేలితో రాయించడం, మట్టితో అక్షరాలు చేయించడం, మెట్లు ఎక్కుతూ దిగుతూ లెక్కలు చెప్పించడం వంటి అసలు బోధనంతా సినిమాలో కొద్ది నిమిషాల దృశ్యమాలికలో గడిచిపోతుంది. నిజానికి అది నెలలూ ఏళ్లూ పట్టే పని. కథను మళ్లీ అల్లేవారు మొదట చేయాల్సింది ఆ కొద్ది నిమిషాలను సినిమా నడుమకు తేవడం.

మూడోది భాష. డిస్లెక్సియా అన్న పేరు 1887లో జర్మన్ కంటి వైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ పెట్టింది. 1896లో ఇంగ్లండు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ పర్సీ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడి గురించి రాశాడు. చదువంతా నోటితోనే సాగితే బడిలో అతణ్ని మించినవాడు ఉండడని మాస్టారు అభిప్రాయపడ్డ పిల్లవాడు అతను. కంటి వైద్యులు మొదలుపెట్టిన కథ కావడంతో ఇది చూపు సమస్య అన్న భావన చాలాకాలం నిలిచింది. అక్షరాలు తలకిందులవడం, నాట్యమాడడం అన్న సినిమా చిత్రణలోనూ ఆ నీడ ఉంది. తర్వాతి పరిశోధన మొగ్గింది చెవి వైపు, మరీ కచ్చితంగా చెప్పాలంటే ధ్వని వైపు. తెలివికి లోటు లేకున్నా, మాటలోని ధ్వనులను విడదీసి రాతగుర్తులతో ముడిపెట్టడం ఈ పిల్లల మెదడుకు కష్టమవుతుంది. అలాంటప్పుడు ధ్వనికీ గుర్తుకీ మధ్య దారి ఏ లిపిలో ఎంత నేరుగా ఉందన్నది కీలకమవుతుంది. 2001లో ఇంగ్లిషు, ఫ్రెంచి, ఇటాలియన్ చదువరులను పోల్చిన అధ్యయనంలో మూడు చోట్లా మెదడులోని తేడా ఒకటే. కానీ రాసినట్టే పలికే ఇటాలియన్‌లో చదవడం వారికి అంత కష్టం కాలేదు. 1999లో వైడెల్, బటర్‌వర్త్ వివరించిన కుర్రాడు జపాన్‌లో పెరిగి రెండు భాషలూ నేర్చినవాడు. అతను జపనీస్ ఇబ్బంది లేకుండా చదివేవాడు, ఇంగ్లిషులో మాత్రం డిస్లెక్సిక్. ముంబై కథ ఈ సంగతి జోలికే పోలేదు. తమిళనాడులోని తెలుగు ఇంట్లో కథ మొదలవ్వాల్సిందే అక్కడ.

సత్తువాచారి వేలూరు నగరానికి ఆనుకుని చెన్నై–బెంగళూరు రహదారి మీద ఉంది. ఒకప్పుడు సొంత మున్సిపాలిటీ, ఇప్పుడు వేలూరు కార్పొరేషన్‌లో భాగం. జిల్లా కలెక్టరేటు ఇక్కడే. చిత్తూరు 40 కిలోమీటర్ల లోపు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా ఉత్తర ఆర్కాటులోనే ఉండేది. అందుకే వేలూరు, కాట్పాడి, గుడియాత్తంలలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. గుడియాత్తం లుంగీల నేతకూ, అగ్గిపెట్టెలకూ, బీడీలకూ పేరు. అక్కడి నేత కుటుంబమొకటి సత్తువాచారికి వచ్చి స్థిరపడిందనుకుంటే కథకు ఇల్లు దొరికినట్టే.

ఆ ఇంటి బిడ్డ ఆడపిల్ల కావాలి. దానికి కారణముంది. 1990లో షేవిట్జ్ బృందం కనెక్టికట్‌లో చేసిన అధ్యయనంలో, రెండో తరగతిలో బడులు గుర్తించిన పిల్లల్లో మగపిల్లల శాతం ఆడపిల్లల శాతానికి నాలుగు రెట్లు. పరిశోధకులు తామే పరీక్షించి చూస్తే తేడా చాలా స్వల్పం. మగపిల్లవాడు చదువు రాకపోతే అల్లరి చేసి అందరి కంటా పడతాడు. ఆడపిల్ల వెనక బెంచీలో ఒదిగి కూర్చుంటుంది. ఇషాన్ బడి ఎగ్గొట్టి ముంబై వీధులు తిరిగాడు. ఈ పాప ఒక్కరోజు కూడా మానదు. క్లాసంతా గొంతు కలిపి పాఠం చదివేటప్పుడు విని కంఠస్థం చేస్తుంది. తనవంతు వచ్చినప్పుడు గడగడా అప్పజెబుతుంది. పక్కన నిలబడి చూస్తే తప్ప, పాప నోరు నాలుగో వాక్యంలో ఉండగా వేలు రెండో వాక్యం మీదే ఉందని తెలియదు. సినిమా తొలి అరగంటలో ప్రేక్షకుడికీ తెలియకూడదు.

ఆ వేలి కింద ఉన్నది తమిళం. పాపకు మాటలు వచ్చింది తెలుగులో. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒక్కటే అక్షరం, చోటును బట్టి పలుకు మారుతుంది. తమిళమే పుట్టుభాషగా పెరిగిన పిల్లలకు ఆ మార్పు చెవిలోనే ఉంటుంది. గాలినీ కాలినీ పుట్టినప్పటినుంచీ వేర్వేరుగా విన్న చెవికి ఆ దారి కొత్త. ఇంకో చిక్కు, తమిళంలో ఎత్వపు గుర్తు హల్లుకు ఎడమవైపు రాస్తారు. ఒత్వానికైతే ఎడమా కుడీ రెండు వైపులా గుర్తులు. నోటికి తరవాత వచ్చే ధ్వని, చేతికి ముందు రావాలి. ధ్వనుల వరుస పట్టుకోవడమే కష్టమైన పాప విన్నట్టే హల్లు ముందు రాసి, గుర్తు తరవాత చేరుస్తుంది. ఎర్ర సిరాతో సున్న చుడతారు. ఇంగ్లిషు సంగతి చెప్పనే అక్కర్లేదు.

తెలుగు లిపి సులువని కాదు. గుణింతాలు, వత్తులు కలిసి వందల రూపాలవుతాయి. ప, వ, స, ష ఒకే ఒరవడిలో సాగే అక్షరాలు. తెలుగుకు దగ్గరి లిపి అయిన కన్నడం మీద సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మామూలు పిల్లలకే అక్షరాలన్నీ పట్టుబడడానికి మూడు నాలుగు తరగతులు పడుతుంది. అయితే ఒక అక్షరాన్ని ఎక్కడ చూసినా పలుకు దాదాపు ఒకటే. ఆ పాపకు ఈ లిపి కొంత మేలు చేసి ఉండేదేమో. కానీ ఆమె బడిలో అది లేదు. 1968 నుంచి తమిళనాడులో ద్విభాషా విధానం. 2006 తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసి, ఇతర మాతృభాషలను ఐచ్ఛికానికి జరిపింది. మైనారిటీ భాషా బడుల పిల్లల వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023లో పదో తరగతి తమిళ పరీక్ష నుంచి ఏడాది మినహాయింపు తెచ్చుకుంది. ఉన్న ఊరి భాష నేర్చుకోవాలనడంలో తప్పు లేదు, ఆ పాప తమిళం రాకుండా వేలూరులో బతకలేదు కూడా. లోపమంతా, ఆమె తడబాటు కొత్త భాష వల్లా, డిస్లెక్సియా వల్లా అని అడిగే మనిషి లేకపోవడంలో ఉంది. టీచరు “తెలుగోళ్ల పిల్ల, అలాగే ఉంటుంది” అని సరిపెట్టుకుంటుంది. ఇంట్లో “ఇంగ్లిషు మీడియం పడలేదు” అని సరిపెట్టుకుంటారు. ఫలితాల శాతం తగ్గుతుందని ప్రైవేటు బడి టీసీ తీసుకోమంటుంది. ఇషాన్ బోర్డింగు ప్రయాణానికి ఇక్కడ సరిసమానమైన ఘట్టం ఆ టీసీ కాగితమే. పాపను గుడియాత్తంలో బీడీలు చుట్టుకునే అవ్వ దగ్గర వదిలి, అక్కడి ప్రభుత్వ బడిలో చేరుస్తారు.

ముంబై కథలో నికుంభ్, ఇషాన్ తండ్రికి తెలియని లిపి ఉన్న బొమ్మ పెట్టె చూపి చదవమంటాడు. రాదంటే, శ్రద్ధ పెడితే వస్తుంది కదా అని గద్దిస్తాడు. పాత కథలో అన్నిటికన్నా బలమైన దృశ్యం అది. ఈ నేలమీద దానికి అరువు లిపి వెతుక్కోనక్కర్లేదు. తమిళనాట తెలుగు మాట్లాడుతూ, చదువు మాత్రం తమిళంలో సాగించిన తరాలవారికి తెలుగు చదవడం రాదు. వేలూరు బస్టాండులో చిత్తూరు, తిరుపతి పోయే ఆంధ్ర బస్సులు ఆగుతాయి. పాప తండ్రి బోర్డు చూడడు, కండక్టరును అడుగుతాడు. గుడియాత్తం బడిలో పాపను గమనిస్తున్న టీచరమ్మ అతనితో, “అన్నా, ఆ బోర్డు చదవండి” అంటుంది. “తెలుగు చదవడం రాదమ్మా” అంటాడతను. “పుట్టినప్పటినుంచీ మాట్లాడే భాషే కదన్నా, కాస్త మనసు పెట్టండి.” ఆ ఒక్క మాటతో తన బిడ్డ రోజూ పడేదేమిటో అతనికి అర్థమవుతుంది. ఏడుపు సంగీతం అవసరం లేదు.

ఆ టీచరమ్మ నికుంభ్ కాకూడదు. డిస్లెక్సియా గురించి ఒక శిక్షణలో విని, అనుమానం వచ్చి, వివరం తెలిసినవారి దగ్గరికి పంపే మామూలు టీచరైతే చాలు. 2022లో తమిళనాడు మొదలుపెట్టిన ‘ఎన్నుం ఎళుత్తుం’ పథకం ఎనిమిదేళ్లకల్లా ప్రతి బిడ్డకూ చదవడం, లెక్క రావాలన్న లక్ష్యంతో వచ్చింది. పిల్లల స్థాయిని విడివిడిగా చూసే అలాంటి తరగతి గదిలోనే అనుమానం పుట్టే వీలుంది. వేలూరులో క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, పిల్లల ఎదుగుదలకు ప్రత్యేక విభాగమూ ఉంది. చిత్తూరు, నెల్లూరు తల్లిదండ్రులు రైలెక్కి వచ్చే చోటు అది. పాపకు అది పక్కూరు.

తర్వాతి చిక్కు పరీక్షది. ఏ భాషలో పరీక్షించాలి? జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో తెచ్చిన ‘డాలి’ పరీక్షలు మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిషులకే. ఇంగ్లిషులో పరీక్షిస్తే ఇంగ్లిషు రాకపోవడం తేలుతుంది, డిస్లెక్సియా తేలదు. కథలో మనస్తత్వ నిపుణురాలు పాపను ముందు తెలుగులోనే, పుస్తకం లేకుండా అడగాలి. ‘పలక’లో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుంది? ‘క’తో మొదలయ్యే మాటలు చెప్పు. ఈ ఊరి తెలుగులో అడిగినా తడబడితే, అప్పుడది తమిళం తప్పు కాదని తేలుతుంది. పాత సినిమాలో లేని ఉత్కంఠ ఈ నోటి పరీక్షలో ఉంది.

సర్టిఫికెట్టు ఇంకో ఘట్టం. 2018 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్లు నిండాకే నిర్ధారణ. పద్నాలుగో ఏట మళ్లీ, పద్దెనిమిదో ఏట మళ్లీ పరీక్షించాలి, చివరిది జీవితకాలం చెల్లుతుంది. సోమవారం కలెక్టరేటులో అర్జీల రోజు తండ్రి వరుసలో నిలబడడం, అడుక్కంపారైలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి చుట్టూ తిరగడం తెరమీదికి రావాలి. ‘వికలాంగురాలు’ అన్న ముద్ర వేసే కాగితం మీద సంతకం పెట్టడానికి పెళ్లి సంబంధాల భయంతో తల్లి వెనకాడడమూ రావాలి. నికుంభ్ ఒక్క మాటతో ప్రిన్సిపాలు దగ్గర సంపాదించిన వెసులుబాటు, ఇక్కడ కాగితాల మీద సంపాదించాల్సిన హక్కు.

ఆ హక్కుతో పదో తరగతిలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, ఒక భాషా పత్రం నుంచి మినహాయింపు దొరుకుతాయి. ఏ భాష వదులుకోవాలన్నది కథకు ముగింపు ఘట్టం. తమిళం వదిలితే ఊళ్లో ఉద్యోగాల దారి ఇరుకవుతుంది. ఇంగ్లిషు వదిలితే కాలేజీ దారి ఇరుకవుతుంది. తెలుగు వదులుకోవడానికి ఆమె పట్టికలో అది అసలు లేదు. పాప ఏదో ఒకటి ఎంచుకుంటుంది, మామూలు మార్కులతో గట్టెక్కుతుంది. పోటీ, కప్పు, ముఖచిత్రం ఏవీ ఉండవు. అయిదేళ్లపాటు వారానికి మూడు సాయంత్రాలు ధ్వని ధ్వనిగా, అక్షరం అక్షరంగా సాగిన పాఠాలకు దక్కిన ఫలం ఆ మార్కులు.

ఇలాంటి సినిమాను ఎవరు తీసినా ఒక షరతు తప్పదు. ధ్యాస నిలవని పిల్లల మీద పాండిరాజ్ తీసిన తమిళ చిత్రం ‘పసంగ 2’ 2015లో వచ్చి, మరుసటేడు ‘మేము’గా తెలుగులోకి డబ్బింగయింది. ఆ కథకు భాష మారినా నష్టం లేదు. ఈ కథను డబ్ చేస్తే కథే ఉండదు. బడిలో తమిళం తమిళంగా, ఇంట్లో గుడియాత్తం తెలుగు తెలుగుగా వినబడుతూ, తెలియనివారికి అడుగున అక్షరాలు వేయాలి. పాపకు వినబడేదీ కనబడేదీ ఒకటి కాదన్న సంగతి ప్రేక్షకుడికి ఆ రెండు భాషల మధ్యే అందుతుంది.