ఇంటికి మందులతోపాటు మనిషీ రావాలి

కోలారు బంగారు గనులు (కేజీఎఫ్) 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆనాటికి 40 ఏళ్లున్న కార్మికుడు ఇవాళ 60 దాటిన ముసలాయన. మూడు కిలోమీటర్లకు పైగా లోతున రాయి కొట్టిన తరాల్లో ఆఖరిది ఛాంపియన్ రీఫ్, మారికుప్పం, ఊరిగాం కార్మికవాడల్లో, అంటే లైన్లలోని ఇరుకు ఇళ్లలో వయసు మళ్లుతోంది. రాతిధూళి తెచ్చిపెట్టే సిలికోసిస్ పని మానేశాక కూడా ముదురుతూనే ఉంటుంది, నయంచేసే మందు లేదు. ఆ జబ్బును దశాబ్దాలపాటు చూసిన గని ఆసుపత్రి గనితోపాటే పోయింది. పిల్లలు బెంగళూరులో కాపురం పెట్టారు, లేదా చీకటితో రైలెక్కి వెళ్లి చీకటిపడ్డాక తిరిగొస్తున్నారు. రేషన్ కార్డులో నలుగురున్న ఇంట్లోనూ పగలంతా ఉండేది ఒక్కరే. ఒంటరి వృద్ధులెందరో తేల్చాలంటే అధికారులు కార్డులు తిరగేస్తే చాలదు, మధ్యాహ్నం పూట తలుపు తట్టాలి.

కర్ణాటక ప్రభుత్వం 2024లో గృహ ఆరోగ్య పథకాన్ని ఈ జిల్లాలోనే మొదలుపెట్టింది. ఇంటికే వెళ్లి బీపీ, షుగరు పరీక్షించి మందులివ్వడం మంచి పనే, ఆ మెప్పు దక్కాల్సిందే. కానీ మందుబిళ్ల అందరికీ ఒకటే, అవసరం ఎవరిది వారిదే. ఆయాసంతో పది అడుగులు వేయలేని మాజీ గని కార్మికుడికి నీళ్లు మోసిపెట్టేవారు కావాలి. చూపు మందగించిన రాబర్ట్‌సన్‌పేట వితంతువుకు ఏ మాత్ర పొద్దున వేసుకోవాలో, ఏది రాత్రికో ఆమె భాషలోనే చెప్పేవారు కావాలి. శ్రీనివాసపురం పల్లెలో తుంటి విరిగి మంచాన పడిన రైతుకు స్నానం చేయించే చేయి కావాలి. అందుకే ఒంటరి వృద్ధులు ప్రతి ఒక్కరికీ విడిగా రాతపూర్వకమైన సంరక్షణ ప్రణాళిక ఉండాలి. ఎవరు, ఏ వేళకు వస్తారు, భోజనం ఎక్కడి నుంచి, రాత్రి ఆయాసం వస్తే ఫోన్ ఎవరికి అనేవి పెద్దవారినే అడిగి రాయాలి. దానికి పేరున్న ఒక మనిషి జవాబుదారీగా ఉండాలి. జపాన్ 2000లో తెచ్చిన దీర్ఘకాల సంరక్షణ బీమా ఈ పద్ధతినే నడుపుతోంది. అక్కడ అవసరాన్ని ఏడు స్థాయులుగా లెక్కగట్టి, ఒక్కొక్కరికీ వేరుగా ప్రణాళిక రాస్తారు. అది ధనిక దేశమనేవారు కేరళను చూడొచ్చు. 2008 నాటి పాలియేటివ్ (ఉపశమన సంరక్షణ) విధానంతో అక్కడి పంచాయతీలు నర్సులను మంచం పట్టినవారి ఇళ్లకే పంపుతున్నాయి.

కన్నవారిని చూసుకోవడం బిడ్డల బాధ్యత, సర్కారుకేం పని అనే వాదన ఒకటుంది. ఆ బాధ్యతను గుర్తుచేసే చట్టం 2007లోనే వచ్చింది. ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల దాకా భరణం ఇప్పించగలదు, అంతవరకే. బెంగళూరు గోదాములో షిఫ్టు చేసే కొడుకును అది ఇంట్లో కూర్చోబెట్టలేదు, పొరుగూరి నుంచి ఆయాను తేలేదు. పైగా బిడ్డలే లేనివారి సంగతేమిటి? డబ్బున్నవారికి ప్రైవేటు ఏజెన్సీలున్నాయి కదా అంటారా, 1,200 రూపాయల సంధ్యా సురక్ష పింఛనుతో నెల గడిపేవారికి ఆ మాట చెప్పడం ఎగతాళి. 70 దాటినవారికి ఆయుష్మాన్ భారత్ ఇచ్చే 5 లక్షల రూపాయల రక్షణ ఆసుపత్రిలో చేరాకే పనికొస్తుంది. అక్కడికి చేరేదాకా గడిచే రోజులకు దిక్కెవరు?

ముక్కూమొహం తెలియని మనిషిని ఇంట్లోకి ఎలా రానిస్తామన్న భయం మాత్రం న్యాయమైనదే. అందుకే సంరక్షకులను అదే లైన్లలోని మహిళల నుంచి ఎంచుకోవాలి, శిక్షణ ఇవ్వాలి, జీతమివ్వాలి. ఇప్పటికే మోయలేనంత మోస్తున్న ఆశా కార్యకర్తల నెత్తిన ఇది కూడా పెట్టకూడదు. ఇక డబ్బు మాట. గనుల ప్రభావిత జిల్లాల్లో ఉండే ఖనిజ నిధి ఖర్చు పెట్టాల్సిన ప్రాధాన్య రంగాల్లో వృద్ధుల, వికలాంగుల సంక్షేమం ఒకటని కేంద్ర మార్గదర్శకాలే చెబుతున్నాయి. నేటి క్వారీల ప్రభావమే లెక్కలోకి వస్తుంది, మూతపడ్డ గని రాదు అంటే ఆ నిబంధనను సవరించాలి. ఎందుకంటే గని మూతపడినా, అది వదిలివెళ్లిన సైనైడ్ దిబ్బల దుమ్ము ఇప్పటికీ గాలికి లేస్తూనే ఉంది. ఈ ఊరి బంగారాన్ని మొదట జాన్ టేలర్ కంపెనీ, తర్వాత మైసూరు ప్రభుత్వం, ఆపైన కేంద్రం వరుసగా తీసుకున్నాయి. కాబట్టి ఖర్చులో సగం కేంద్రం, సగం రాష్ట్రం భరించి, తొలి ప్రణాళికలు కేజీఎఫ్ లైన్లలో రాయించాలి, ఆ తర్వాతే మిగతా తాలూకాలకు వెళ్లాలి.