కరువు 'వచ్చింది' అంటే సరిపోతుందా?



మన ఇళ్ళల్లో రోజూ వినపడే మాట కరువు. నీళ్ళకు కరువు, పనికి కరువు, ఆఖరికి మంచి మాటకూ కరువు. చాన్నాళ్ళకు ఇష్టమైన కూర దొరికితే కరువుతీరా తిన్నామంటాం. బెంగళూరులో పక్కింటివాళ్ళు దీన్నే 'బర' అంటారు, చెన్నైలో 'పంజం', ముంబయిలో 'దుష్కాళ్'. సొంతూరు విడిచి ఈ నగరాలకు వచ్చిన మన పెద్దల్లో చాలామందిని కదిలించింది కూడా ఈ కరువే.

ఈ మాటను మనం వాడే తీరు గమనించండి. కరువు 'వచ్చింది' అంటాం, 'పడింది' అంటాం. ఎవరైనా తెచ్చారని మాత్రం అనం. వాన రాలేదు, మన రాత ఇంతే అనుకుని ఊరుకుంటాం. కానీ వాన రాకపోవడం వేరు, గింజ అందకపోవడం వేరు.

1876-78 నాటి ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలాది మంది చనిపోయారు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు అల్లాడిపోయాయి. ఆ రోజుల్లో కూడా దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. సహాయ పనుల్లో రాళ్ళు మోసే మగ కూలీకి రిచర్డ్ టెంపుల్ దొర నిర్ణయించిన రోజు కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. అంటే అరకిలో గింజలు కూడా కావు. అదే కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలిగొన్నవారికి పని, కూలి ఇచ్చారు. ప్రసంగంతో పాటు కూలి కూడా సువార్తలో భాగమేనని ఆ కాలువ గట్టు సాక్ష్యమిస్తోంది.

తిండి ఉన్నా, దాన్ని పొందే శక్తి, హక్కు పోయినవారు ఆకలితో చనిపోతారని అమర్త్యసేన్ 1981లో వెలువడిన తన గ్రంథంలో నిరూపించారు. 2019 వేసవిలో చెన్నై చెరువులు ఎండినప్పుడు మనం చూసిందీ అదే. డబ్బున్న ఇంటికి ప్రైవేటు ట్యాంకరు వచ్చింది. బస్తీ ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. ఊరంతటికీ ఒకే కరువు అని ఎలా అందాం?

మాట హక్కును కూడా మార్చేస్తుంది. 2005 చట్టం పల్లె కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పనిని హక్కుగా రాసిచ్చింది. దానికి ముందు దారి చూపింది 1970లలో కరువు కాలాన మహారాష్ట్రలో మొదలైన ఉపాధి హామీ. మన తెలుగు పల్లెల్లో మాత్రం దాని పేరు 'కరువు పని'. హక్కుగా వచ్చిన పనిని ఆ పేరుతో పిలిస్తే, అడిగేవాడు యాచకుడిలా, ఇచ్చేవాడు దాతలా కనిపిస్తాడు.

మన సభల్లో కరువు అనగానే ఆమోసు 8:11 ఎత్తుకుంటారు. వాక్యపు కరువు గురించి గంటసేపు ప్రసంగం నడుస్తుంది. మంచిదే. అయితే ఆ అధ్యాయం అక్కడ మొదలవదు. 4వ వచనం నుంచి చదవండి. కొలత తగ్గించి వెల పెంచినవారిని, దొంగ త్రాసుతో తూచినవారిని, తాలు గింజలు అమ్మినవారిని, చెప్పుల జతకు పేదవాణ్ణి కొన్నవారిని ప్రవక్త నిలదీస్తాడు. వాక్యపు కరువు ఆ పాపానికి వచ్చిన తీర్పు. త్రాసు సంగతి వదిలేసి వాక్యం సంగతే మాట్లాడితే ఆమోసును సగమే చదివినట్టు.

కాబట్టి యవ్వనస్థుల కూడికల్లో ఈ మాట వచ్చినప్పుడల్లా రెండు ప్రశ్నలు వేయండి: కరువు ఎవరికి? ఎవరివల్ల? రేషన్ షాపులో తూకం చూడండి. మీ వీధి ఊడ్చే అక్కకు కాంట్రాక్టరు ఇచ్చే కనీస వేతనంలో కరువు భత్యం కలుస్తోందో లేదో అడగండి. బస్తీకి నీళ్ళ బండి ఎన్నాళ్ళకొకసారి వస్తోందో రాసిపెట్టి, ఆ కాగితం వార్డు ఆఫీసుకు పట్టుకెళ్ళండి.

కరువు తీర్చమని మోకాళ్ళూనుదాం. లేచాక త్రాసు కూడా సరిచూద్దాం.