కరకరలాడినంతసేపే దాని సొగసు

తెలుగువాళ్లకు రుచులు ఆరే అయినా, తిండి చేసే చప్పుళ్లకు మాత్రం లెక్క లేదు. అప్పడం ఫెళఫెళ విరుగుతుంది. జంతిక కరకరలాడుతుంది. పచ్చి దోసకాయ ముక్క పంటి కింద కసుక్కుమంటుంది. మెత్తటి పప్పన్నం పక్కన వడియమో అప్పడమో లేకపోతే భోజనం వెలితిగా ఉందంటాం. ఆ వెలితి రుచిది కాదు, చప్పుడిది. అయితే వడియాలకూ అప్పడాలకూ మూకుడు నిండా నూనె కావాలి. ఒక్క చెంచాడు నూనెతో అంత చప్పుడూ చేసే పదార్థం ఒకటి ఈ వారం చెప్పుకుందాం. పచ్చి క్యాబేజీ, దోరపండ్లు కలిపి చేసుకునేది.

ఇంగ్లీషు వంటపుస్తకాల్లో దీని అన్నగారి పేరు ‘కోల్ స్లా’. చల్లగా తింటారు గనుక అది ‘కోల్డ్ స్లా’ అయివుంటుందనుకుని అలాగే రాసిన ఇంగ్లీషువాళ్లూ ఉన్నారు. నిజానికి అది ఒలందుల మాట. వాళ్ల భాషలో ‘కోల్’ అంటే క్యాబేజీ, ‘స్లా’ అంటే సలాడు. ఈ ఒలందులు మనకు కొత్తవాళ్లేం కారు. 17వ శతాబ్దంలో బందరులో వర్తకం చేసినవాళ్లే. అక్కడి వలందపాలెం పేరులో ఇప్పటికీ ఉన్నారు. అలాగని ఈ వంటకం వాళ్ల ఓడల్లో మనకు దిగిందని చెప్పబోవడం లేదు. పచ్చిముక్కలకు పులుపూ ఉప్పూ కారమూ పట్టించడం ఒకరు నేర్పితే నేర్చుకున్న విద్య కాదు మనకు. ఉగాది పచ్చడి ఏమిటి మరి? బడి గేటు దగ్గర ఉప్పూ కారం అద్ది ఇచ్చే జామకాయ ఏమిటి? పెసరపప్పు నానబెట్టి దోసకాయ ముక్కలు కలిపితే కన్నడిగులూ, రాయలసీమవాసులూ దాన్ని కోసంబరి అంటారు. ఆ వరసలోనే మనమూ దీన్ని క్యాబేజీ కోసంబరి అందాం.

చెయ్యడం పది నిమిషాల పని. కాని చేసిన చాలామంది, “మొదటి ముద్దలో బాగానే ఉందండీ, తరవాత చప్పబడి నీళ్లోడింది” అంటారు. తప్పు క్యాబేజీది కాదు, ఉప్పుది. ఉప్పుది కూడా కాదు, ఉప్పు వేసిన వేళది.

ఆకు కరకరలాడడమంటే ఏమిటి? దానిలో కంటికి కనపడని చిన్న చిన్న అరలుంటాయి. ఒక్కొక్క అర నిండా నీళ్లు బిగించి ఉంటాయి. గాలి నిండిన బంతి లాగా ఆ అర గట్టిగా ఉంటుంది. మనం కొరికినప్పుడు అది పగులుతుంది. ఆ పగులుడే చప్పుడు. పైన ఉప్పు పడిందా, అది లోపలి నీటిని మెల్లమెల్లగా బయటికి లాగుతుంది. అర సడలిపోతుంది. పావుగంట గడిస్తే గిన్నె అడుగున నీళ్లు, పైన వడలిన ఆకు మిగులుతాయి. కాబట్టి ఈ వంటకానికి సూత్రం ఒక్కటే. తరగడం ముందు, కలపడం చిట్టచివర. విస్తళ్లు వేశాక, మనుషులు కూర్చున్నాక, అప్పుడు కలపాలి.

ఇక పండ్ల మాట. ‘దోర’ అని మనకొక చక్కని మాట ఉంది. కాయా కాదు, పండూ కాదు. పులుపు విరిగి తీపి అందుకుంటూ, గట్టిదనం ఇంకా వదలని స్థితి. ఈ వంటకానికి కావలసింది సరిగ్గా ఆ ఘడియలోని పండు. దోరజామ మొదటి తాంబూలానికి అర్హురాలు. గట్టి ఆపిల్ పండు మంచిదే గాని, కోసిన వెంటనే నిమ్మరసం చిలకరించకపోతే నల్లబడుతుంది. దానిమ్మ గింజలు ఎంతసేపైనా చెక్కుచెదరవు. వేసవిలో మామిడికాయ తురుము వేస్తే నిమ్మకాయ పనే లేదు. అరటి, సపోటా, బాగా పండిన బొప్పాయి ఈ పంక్తిలో కూర్చోదగినవి కావు. కలపగానే గుజ్జయిపోతాయి. అనాస వేసుకోవచ్చు గాని, పెరుగుతో మాత్రం వద్దు. పచ్చి అనాసలో ఉండే ఒక పదార్థం పెరుగులోని మాంసకృత్తులను విరగ్గొట్టి చేదు పుట్టిస్తుంది.

నలుగురికి కావలసినవి: క్యాబేజీ పావుకిలో, దోరజామకాయలు రెండు, దానిమ్మ గింజలు గుప్పెడు, చిన్న క్యారెట్టు ఒకటి, పచ్చిమిరపకాయ ఒకటి, అర అంగుళం అల్లం ముక్క, కొత్తిమీర కొంచెం, నిమ్మకాయ ఒకటి, వేయించి పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగపప్పు మూడు చెంచాలు, ఉప్పు ముప్పావు చెంచా. పోపుకు చెంచాడు నూనె, ఆవాలు, ఇంగువ, కరివేపాకు.

క్యాబేజీని నాలుగు చెక్కలు చేసి, నడిమి గట్టి కాడ తీసివెయ్యండి. కత్తిపీట మీద గాని చాకుతో గాని ఎంత సన్నగా వస్తే అంత సన్నగా తరగండి. లావుపాటి ముక్కలైతే పచ్చివాసన వేస్తుంది, నములుతూ కూర్చోవాలి. తరిగినదాన్ని చల్లని మంచినీళ్లలో పది నిమిషాలుంచండి. బజారులో వడలిన ఆకు కూడా నీళ్లు తాగి మళ్లీ బిర్రుగా తయారవుతుంది. తరవాత జల్లెడలో వార్చి, పొడిగుడ్డలో మూటగట్టి బాగా అద్దండి. ఇక్కడ బద్ధకించకూడదు. ఆకుకు అంటుకున్న తడి నిమ్మరసాన్నీ ఉప్పునూ పలచన చేసేస్తుంది.

జామకాయల్లో గింజల భాగం తీసేసి, కండను అగ్గిపుల్లల్లా కొయ్యండి. పళ్లు సరిగా లేని పెద్దవాళ్లుంటే వాళ్ల వాటా తురిమి ఇవ్వండి. పోపు వేసి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి పోపు పడితే ఆకు మగ్గిపోతుంది. క్యాబేజీ, క్యారెట్టు తురుము, జామ, దానిమ్మ, అల్లం, మిర్చి, కొత్తిమీర ఒక వెడల్పాటి గిన్నెలో ఉంచండి. వడ్డించే ముందు నిమ్మరసం, ఉప్పు, పోపు కలిపి, చిట్టచివర వేరుశనగపప్పు చల్లండి. ముద్దపప్పూ నెయ్యీ ఉన్న పూట, పులిహోర పూట, చపాతీల పూట ఇది ఎంతగా కుదురుతుందో మీరే చూస్తారు.

డబ్బాలో పట్టుకెళ్లేవాళ్ల సంగతేమిటి? రెండు మార్గాలున్నాయి. ఒకటి, ఉప్పూ నిమ్మరసమూ చిన్న సీసాలో వేరే పెట్టి పంపడం. రెండోది తెలివైన మార్గం. క్యాబేజీ రాల్చబోయే నీళ్లను ముందే రాల్పించడం. తరిగిన ఆకుకు ఉప్పు రాసి అరగంట ఉంచి, గట్టిగా పిండి, తరవాత మిగతావి కలపండి. కరకర కొంత తగ్గుతుంది గాని, మధ్యాహ్నానికి డబ్బాలో నీళ్లు తేలవు. పిండిన నీళ్లు పారబొయ్యకండి. చారులో పోసి, ఆ మేరకు ఉప్పు తగ్గించండి.

“పచ్చి క్యాబేజీ తింటే మెదడులో పురుగు పడుతుందట గదా?” అని భయపడేవాళ్లున్నారు. భయానికి మూలం లేకపోలేదు. మనుషుల మలం కలిసిన మట్టీ నీళ్లూ తగిలిన కూరల మీద బద్దెపురుగు గుడ్లు ఉండవచ్చు. అవి ఏ పచ్చికూర మీదైనా ఉండవచ్చు. పై ఆకులు మూడు నాలుగు తీసి పారెయ్యండి. మిగతావి ఆకుకు ఆకు విడదీసి, ధారగా పడే మంచినీళ్ల కింద రెండు వైపులా చేత్తో రుద్ది కడగండి. ఉప్పునీళ్లలో ముంచితే గొంగళిపురుగులు బయటపడతాయేమో గాని, గుడ్లు చావవు. గర్భిణులకూ, వ్యాధినిరోధక శక్తి తగ్గినవాళ్లకూ పచ్చిది వద్దు. ఆకును మూడు నిమిషాలు ఆవిరి పట్టి కలపండి. చప్పుడు తగ్గినా క్షేమం.

ఇంత శ్రద్ధ దేనికంటే, పచ్చిగా తినడంలో లాభం ఉంది. సి విటమిను నీళ్లలో కరిగిపోతుంది, వేడికి చెడిపోతుంది. క్యాబేజీ ఉడికించి నీళ్లు వార్చేస్తే చాలాభాగం తూములోకి పోతుంది. ఇక జామ సంగతి చెప్పనే అక్కర్లేదు. నూరు గ్రాముల జామలో సుమారు 200 మిల్లీగ్రాముల సి విటమిను ఉంటే, నారింజలో ఉండేది సుమారు 50. అన్నంలో, పప్పులో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే, అదే భోజనంలో ఈ విటమిను కూడా ఉండడం ఎంతో మేలు.

ఇక్కడే అసలు మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. దానికి కారణాలు అనేకం, ఒక్క కోసంబరితో తీరే జబ్బు కాదది. కాని మన ఇళ్లలో పంక్తి నడిచే తీరు చూడండి. పిల్లలు తిన్నాక, మగవాళ్లు తిన్నాక, అత్తగారు తిన్నాక, వంట చేసిన ఇల్లాలు కూర్చుంటుంది. పప్పయితే అప్పటికి చల్లారివుంటుంది, వేడి చేసుకోవచ్చు. చారు అడుగుదైనా చారే. ఈ వంటకం అలా కాదు. ముందు కలిపేస్తే చివర తినే మనిషికి మిగిలేది నీళ్లోడిన తుక్కు. దానిమ్మ గింజలు పిల్లలు ఏరుకునివుంటారు. జామముక్కలు ఎప్పుడో అయిపోయివుంటాయి. ఇంటిల్లిపాదికీ కరకర వినిపించినామె పంటి కింద మాత్రం చప్పుడుండదు.

అందుకని ఈ వంటకానికి నేను చెప్పే చివరి దినుసు ఒక గిన్నె. కలిపే ముందే ఆఖరున తినేవాళ్ల వాటా, దానిమ్మ గింజలతో సహా, అందులోకి తీసి మూతపెట్టండి. నిమ్మచెక్క పక్కన ఉంచండి. ఆ పని ఇల్లాలు తన కోసం తాను చేసుకోవడానికి మొహమాటపడుతుంది. అందుచేత ముందు కూర్చునేవాళ్లే లేచి ఆ గిన్నె తీసిపెట్టాలి. అంతకంటె మంచి ఉపాయం ఇంకొకటుంది. గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని, అందరూ ఒక్కసారే కూర్చోవడం. అప్పుడు వేరే గిన్నె అక్కర్లేదు. ఒక్కసారే కలపవచ్చు, ఒక్కసారే నమలవచ్చు.