ఢిల్లీ పౌరులకు అరకొర స్వపరిపాలనమా?

తిరుపతినుండి వడమాలపేటమీదుగా చెన్నపట్టణమునకు బోవు బాటను మన పెద్దలు రాజధాని బాటగా నెఱుగుదురు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడగా రాజధాని కర్నూలునకు బోయెను. 1956 నవంబరు 1 నుండి హైదరాబాదయ్యెను. 2014 విభజనానంతరము అమరావతి వంతు వచ్చెను. రాజధాని యెన్ని తావులు మాఱినను ఈ పేట వోటరు విలువ వీసమైనను తగ్గలేదు. నగరి నియోజకవర్గమున నతడు వేయు వోటుతో నేర్పడు ప్రభుత్వమే పోలీసులకును భూములకును జవాబుదారి. రాజధాని దూరమగుటచే నితనికి లేని నష్టము, రాజధానిలో నివసించుటచే ఢిల్లీ పౌరునకేల కలుగవలెను?

1952లో ఢిల్లీకి శాసనసభ యుండెను. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణముతో నది రద్దయ్యెను. మరల శాసనసభకు ఎన్నికలు 1993లో గాని జరుగలేదు. 1991 నాటి 69వ రాజ్యాంగ సవరణ సభనిచ్చెను గాని శాంతిభద్రతలు, పోలీసు, భూమి అను మూటిని దానికి దక్కనీయలేదు. ఉద్యోగులపై నధికారము ఎన్నికైన ప్రభుత్వమునకే చెందునని 2023 మే 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఎనిమిదవనాడే దానికి విరుగుడుగా ఆర్డినెన్సు వెలువడెను. ఆగస్టులో నది చట్టమయ్యెను. ఇల్లు కట్టియిచ్చి తాళపుచెవి తమయొద్ద నుంచుకొనుట యన నిదియే.

ఢిల్లీకి లోకసభలో ఏడు స్థానములు గలవు గదా యని కొందఱందురు. నిజమే. అమెరికా రాజధాని వాషింగ్టను వాసుల కాపాటి భాగ్యమును లేదు. వారు పన్నులు చెల్లింతురు; వారి సంఖ్య వయోమింగు రాష్ట్ర ప్రజలకంటె నధికము. అయినను వారి ప్రతినిధికి శాసనములపై తుది వోటు లేదు. సెనేటులో స్థానమే లేదు. వారి రాష్ట్రప్రతిపత్తి బిల్లు 2020లోను 2021లోను దిగువసభలో నెగ్గియు సెనేటు దాటలేదు. కాని 543 మందిలో ఏడుగురు తమ వీథి పోలీసును ప్రశ్నింపగలరా?

పార్లమెంటునకును రాయబార కార్యాలయములకును రక్షణ వలయునను వాదము త్రోసివేయదగినది కాదు. క్రొత్తఢిల్లీ కేంద్రభాగమును, కంటోన్మెంటును కేంద్రము తనయొద్దనే యుంచుకొనవచ్చును. వానికొఱకు తక్కిన కోటిన్నరకు మించిన జనమును కట్టివేయనేల? 2003లో నాటి కేంద్రప్రభుత్వమే ఢిల్లీకి రాష్ట్రప్రతిపత్తి నిచ్చు బిల్లును లోకసభలో ప్రవేశపెట్టెను. 2004లో సభ రద్దగుటతో నదియు మురిగిపోయెను.

ఇది పరుల గొడవయని మన పఠనమందిరములలో పత్రిక మడచువారికి ఒక్కమాట. 2013లో హైదరాబాదును కేంద్రపాలితము చేయుడని మనలో కొందఱు నాయకులే కోరిరి. తెలంగాణవారు ససేమిరా యనిరి. నగరముపై మమకారముతో నాడు మనము, ఆ నగరవాసుల వోటు నేమగునో తలపోయమైతిమి. ఆ నాడు వారికి చేయదలచినదే నేడు ఢిల్లీ వాసులు అనుభవించుచున్నారు. తెలుగువారి గృహములును అచ్చట కొల్లలుగ గలవు.

రాజధాని దేశముయొక్క సొత్తే; దానియందలి పౌరులు మాత్రము ఎవ్వరి సొత్తును గారు. వడమాలపేట వోటరునకు గల హక్కు ఢిల్లీ వోటరునకును గలుగువఱకు, మన గణతంత్రము తన గుమ్మముకడనే అప్పుపడియున్నదని మా నిశ్చితాభిప్రాయము.