సాముగరిడీలు మళ్లీ తెరవాలి

బీపీ, షుగర్ వచ్చాక మందుల చీటీ పట్టుకుని తిరగడం మనకు అలవాటైపోయింది. రాకముందే ఒంటిని కాచుకునే దారి ఒకప్పుడు మన ఊళ్లలోనే ఉండేది. ఆంధ్రలో సాముగరిడీలు, తెలంగాణలో తాలింఖానాలు అనే వ్యాయామశాలలు ఆ పనే చేశాయి. కోడి రామ్మూర్తి నాయుడి వంటి మల్లయోధుణ్ని కన్న నేల ఇది.

అక్కడ నేర్పిన కర్రసామునే చూడండి. మోకాళ్లు కాస్త వంచి, అడుగులు మారుస్తూ, మణికట్టుతో కర్ర తిప్పుతుంటే గుండెకు పని పడుతుంది, తొడలు గట్టిపడతాయి, తూలిపోకుండా నిలబడే నేర్పు వస్తుంది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని, 65 ఏళ్లు దాటినవారు వారానికి కనీసం 3 రోజులు శరీర నిలకడను, బలాన్ని పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కర్రసాములాగే అడుగులు మారుస్తూ చేసే చైనా వారి తాయ్‌చీ సాధనతో వృద్ధులు జారిపడటం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది.

అలాగని వయసు మీరాక బరిలోకి దూకమని కాదు. గుండెజబ్బు, కీళ్లనొప్పులు ఉన్నవారు వైద్యుణ్ని అడిగాకే మొదలుపెట్టాలి. పంచాయతీలు, పురపాలక సంఘాలు బడి మైదానాలను ఉదయం, సాయంత్రం సాధనకు ఇవ్వాలి. నేర్పే గురువులకు గౌరవ వేతనం చెల్లించాలి. ఆస్పత్రుల్లో పడకలు పెంచడం ఎంత అవసరమో, ఇదీ అంతే అవసరం.