తేలిక ముక్కలతో తొలిపాట

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమున కర్మాగారముల షిఫ్టులతో గడచు నిండ్లలో నలుగురు బ్రిడ్జికి చేరుట యరుదు. అట్టి యాటలో జోడీకి మనపై నమ్మకము చెడరాదు.

ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున 12 పాయింట్లున్నచో తొలిపాట పాడుట వాడుక. తక్కువైనచో రెండు పొడుగు రంగుల ముక్కల సంఖ్యను గూడ కలుపుడు. 20 అయినచో పాడవచ్చునని మార్టీ బెర్గెన్ ప్రచారము చేసెను. ఇస్పేటులో ఆసు, రాజులతో నైదు, ఆఠీనులో రాణి, జాకీలతో నైదు ముక్కలున్నచో 10, 5, 5 కలిసి 20, ఇస్పేటు పాడుడు.

ఆ 10 పాయింట్లును పొట్టి రంగులలో జేరినచో, లెక్క 20 అయినను పాసనుటయే మేలని మా మతము. పొడుగు రంగులోని పెద్దముక్కలు తమ వెంటనున్న చిన్నముక్కలకును పట్టులు తెచ్చును. పొట్టి రంగులోనివి యొంటరిగా రాలిపోవును. తొలిపాట జోడీకి మన మిచ్చు మాట. దానిని నమ్మియే యామె పెద్దపాటకు పోవును.