ఆరోగ్య విషయములు: గుండె లయ – దీర్ఘ పరిశీలనము

నల్లగండ్ల మేడలలో లిఫ్టు ఆగిన నాడు రెండంతస్తు లెక్కగానే రొప్పు వచ్చినచో, "నీరసములే" యని యూరకుండరాదు. అది యొక్కొక్కప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళములలో పీడనము హెచ్చిన వ్యాధి కావచ్చును. అందొక రకము పురుషులకంటె స్త్రీలకే యధికము.

ఈ వ్యాధిలో ఊపిరితిత్తులకు రక్తమును నెట్టి నెట్టి గుండె కుడిభాగ మలసి విస్తరించును. అందువలన లయ తప్పవచ్చును. లయ తప్పినచో రోగి త్వరగా క్షీణింపవచ్చును. మామూలు ఇ.సి.జి. చూచునది సుమారు 10 సెకండ్లు మాత్రమే. దడ యింట నర్ధరాత్రమున రావచ్చును. అందులకే 24 గంటలును లయను వ్రాసికొను హోల్టరు యంత్రము గలదు. నార్మన్ హోల్టర్ అను అమెరికా శాస్త్రజ్ఞుని తొలి యంత్రము సుమారు 38 కిలోల మూట. నేడది యరచేత నిముడును. చర్మము క్రింద నమర్చి యేండ్లకొలది లయను కనిపెట్టు యంత్రములును గలవు.

యంత్రము ధరించిన దినమున, వైద్యుడు వలదన్న తప్ప, నిత్యపు పనులు మానరాదు. దడగాని, కన్నులు చీకట్లు క్రమ్ముటగాని కలిగిన వేళను, అప్పుడు చేయుచున్న పనిని కాగితముపై వ్రాసికొనవలెను. ఆ చీటి లేనిచో యంత్రపు వ్రాత సగమే చదివినట్లగును. స్పృహ తప్పినచో మాత్రము చీటికై యాగక, ఇంటివారు తక్షణమే యాసుపత్రికి చేర్పవలెను.